వెనక్కి నడిచే జబ్బు

"ఇదెవరు తెచ్చేరు?"

ఉమామహేశ్వరం చేతిలో ఆయింట్‌మెంటు ట్యూబు ఉంది. సగందాకా పిండి, తోక మడిచిన ట్యూబు. చెల్లెలి తలగడ కింద దొరికింది. చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు ఆయన.

దుర్గాప్రసాద్ గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. రొయ్యల చెరువుల దగ్గర మేత బస్తాలు దింపేసి, ట్రాలీ బండి వీధిలో ఆపి, అప్పుడే వచ్చాడు. కాళ్ళయినా కడుక్కోలేదు.

"నిన్నే ప్రసాదూ."

"వినబడిందండి."

"మరి చెప్పవేం?"

"మీకు తెలిసిపోయిన సంగతికి నేను చెప్పేదేంటండి. మీ చెల్లెలు నెత్తురు కారేలా గోక్కుంటుంటే చూసేవోణ్ణి నేను. తెచ్చేవోణ్ణీ నేనే."

"రాసేవా?"

"తెచ్చింది దండెం మీద ఆరెయ్యడానిక్కాదు గదండి."

మంచం మీద వరలక్ష్మి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రో, మెలకువో తెలియదు. చీర అంచు కింద పాదాలు రెండూ ఉబ్బి, అరటి బోదెల్లా నున్నగా మెరుస్తున్నాయి. మోచేతుల మీద నిన్నటిదాకా రగులుతున్న దద్దుర్లు ఆయింట్‌మెంటుకి చల్లారి, పొలుసులు కట్టాయి.

ఉమామహేశ్వరం కుర్చీలో కూలబడ్డాడు. కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. హోమియో ఆయన పుస్తకాలు చదివి సొంతంగా నేర్చుకున్న విద్య. తెల్లారేసరికి యానాం ఫరంపేటలో ఆయన అరుగు మీద జనం నిండిపోతారు. పైసా పుచ్చుకోడు. పుచ్చుకోనివాణ్ణి తిట్టడం కష్టం. దుర్గాప్రసాద్‌కి బావమరిదితో ఉన్న మొదటి ఇబ్బంది అదే.

"గుండెల్లో దాక్కున్న జబ్బు చర్మం మీదికొచ్చి మొహం చూపించింది ప్రసాదూ. ఇన్నాళ్ళకి బయటికొచ్చినదాన్ని నువ్వు మళ్ళీ లోపలికి తోసి తలుపేసేవు."

"దురదకి మందు రాసేనండి. తలుపుల సంగతి నాకు తెలీదు."

"తెలీదు గనకే చెప్తున్నాను."

దుర్గాప్రసాద్ పళ్ళు కొరుక్కున్నాడు. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి లోకంలో ప్రతివాడూ తెలీదు గనకే చెప్తాడు. చెరువుల కాడ సూపర్‌వైజరూ అదే అంటాడు, బ్యాంకులో కుర్రాడూ అదే అంటాడు. ఇప్పుడు తన పెళ్ళాం ఒంటి గురించి తన ఇంట్లో కూర్చుని ఈయనా అదే అంటున్నాడు.

దివ్య వంటింట్లోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. డిగ్రీ చదువుతున్న పిల్ల. అమ్మకి ఒంట్లో బాగులేనప్పటినుంచీ కాలేజీకి వెళ్ళిన రోజులు తక్కువ.

"మావయ్యా, అమ్మ పొద్దున్నుంచీ మంచినీళ్ళు తప్ప ఏం ముట్టలేదు."

"ఆయాసం ఎలాగుంది?"

"పడుకుంటే వస్తోంది. లేపి కూర్చోబెడితే తగ్గుతోంది."

"తగ్గుతోంది. విన్నావా ప్రసాదూ?"

"కూర్చోబెడితే అన్నాను మావయ్యా."

ఉమామహేశ్వరం ఆ రెండో మాట విననట్టే ఉండిపోయాడు. మంచం దగ్గరికి వెళ్ళి చెల్లెలి పాదం మీద బొటనవేలు ఆనించి నొక్కాడు. వేలు తీశాక అక్కడ గుంట పడింది. పిండి ముద్దలో పడ్డట్టు పడి, అలాగే ఉండిపోయింది. ముగ్గురూ దానివైపే చూశారు. అది ఎంతకీ పూడదు.

"దిగింది," అన్నాడాయన తృప్తిగా. "పైనున్నది కిందికి రావాలి. లోపలున్నది బయటికి రావాలి. చివరొచ్చింది ముందు పోవాలి, ముందొచ్చింది చివర పోవాలి. ఈ దారిన నడిస్తే జబ్బు నయమవుతున్నట్టు. ఊపిరితిత్తుల్లో ఉన్న నీరు పాదాల్లోకి దిగింది. ఇంక గోళ్ళ చివర్నుంచి పోవడమే."

"గోళ్ళ చివర్నుంచి ఏం పోతుందండి?" అన్నాడు దుర్గాప్రసాద్.

"జబ్బు."

"నేను ఇంకేదో అనుకున్నాను లెండి."

దివ్య తండ్రివైపు చూసి కళ్ళతోనే ఊరుకోమంది.

ఆ ఇంట్లో కర్పూరం వెలిగించి చాన్నాళ్ళయింది. కర్పూరం వాసన తగిలితే గుళికల్లో మందు చచ్చిపోతుందట. కాఫీ మానేశారు. తలనొప్పికి రాసుకునే బామ్ సీసా వీధిలో పారేశారు. దేవుడి గూట్లో హారతి లేక పటాల మీద అదోరకం మసక పేరుకుంది. చీకట్లో కూర్చున్న చుట్టాల్లా దేవుళ్ళు ఇంట్లోవాళ్ళని చూస్తూ ఉంటారు.

అయితే దుర్గాప్రసాద్‌కి భయం వేసింది వాటికి కాదు.

మందు మొదలెట్టాక ఆయాసం కాస్త నెమ్మదించిన మాట నిజం. ఆ తర్వాత దద్దుర్లు వచ్చాయి. దివ్య పుట్టిన ఏడాది వచ్చిన దద్దుర్లే, అవే మోచేతుల మీద, మెడ వెనక అదే చోట. బావమరిది పొంగిపోయి, "చూసేవా, వచ్చిన దారినే పోతోంది," అన్నాడు. సరే అనుకున్నాడు తనూ.

ఒక మధ్యాహ్నం భోజనానికొచ్చేసరికి వరలక్ష్మి స్తంభానికి ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. కుడిచెయ్యి గాలిలో ముందుకీ వెనక్కీ ఆడుతోంది. ఏదో పట్టి లాగుతోంది, వదులుతోంది. ఏం చేస్తున్నావే అనడిగాడు. వేలు పెదవుల మీద పెట్టుకుని, "ఇప్పుడే కళ్ళు మూసింది, అరవకండి," అంది. ఆమె చేతిలో లేని ఉయ్యాల తాడు అది. తన వెనక ఎవరో ఊపిరి బిగపట్టినట్టయి తిరిగి చూస్తే, సంచి భుజాన వేసుకుని దివ్య నిలబడి ఉంది. పిల్ల తన ఉయ్యాల తనే చూస్తోంది.

తర్వాత ఎడమవైపు తలనొప్పి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆమెని పీడించిన పార్శ్వపు నొప్పి. నుదుటికి గుడ్డ బిగించి కట్టుకుని, గొంతు తగ్గించి, "అత్తయ్య గారు పడుకున్నారా?" అనడిగింది. దుర్గాప్రసాద్ తల్లి పోయి ఏ కాలమో అయింది. "పడుకుంది," అన్నాడు. అని, తనకి తెలియకుండానే, ఒకప్పుడు తల్లి పడుకునే ముందు గదివైపు చూశాడు. ముందు గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆ తలుపు తీసి చూడాలనిపించింది. తియ్యలేకపోయాడు.

దద్దుర్లు వచ్చినప్పుడు కూతురు పుట్టిన ఏడాది వచ్చింది. తలనొప్పితో పెళ్ళినాటి ఏడాది వచ్చింది. ఒక్కో జబ్బూ ఒంటరిగా రావడం లేదు. దాని కాలాన్ని కూడా చెయ్యి పట్టుకుని తెస్తోంది.

"ఏంటి డాక్టరు గారూ, మా వరాలుకి ఎలాగుంది?"

పక్కింటి జోసెఫిన్ గిన్నెలో బార్లీ జావ పట్టుకుని లోపలికి వచ్చింది. ఆవిడ మెడ మీద పులిపిర్లు ఉమామహేశ్వరం గుళికలకే రాలాయి. ఆ పులిపిర్లు రాలిన కథ ఆవిడ చర్చిలోనూ చెప్పింది, చేపల మార్కెట్‌లోనూ చెప్పింది.

"దారిలో పడిందమ్మా," అన్నాడు ఉమామహేశ్వరం.

"పడదేంటండి. మీరు పొట్లం కట్టేరంటే ఫాదరు గారు చెయ్యి వేసినట్టే." అని దుర్గాప్రసాద్ వైపు తిరిగింది. "నువ్వేంటి తమ్ముడూ, గుమ్మానికి దిష్టిబొమ్మలాగ కూకున్నావు? ఇంట్లో డాక్టరుండగా కాకినాడ ఆసుపత్రికి ఎల్తానంటున్నావంట. ఎదురుగా గోదారుంటే బోరింగు కొట్టుకున్నట్టు."

"గోదారి నీళ్ళు తాగే మొహాలు ఇప్పుడెవరున్నారు జోసెఫినక్కా? అందరం టిన్నులు కొనుక్కుంటన్నాం."

ఆవిడ నవ్వబోయింది. గిన్నె కింద పెడుతూ వంగేసరికి వరలక్ష్మి పాదాలు కళ్ళబడ్డాయి. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇదెప్పట్నుంచి?"

"నాలుగు రోజుల్నుంచి," అంది దివ్య.

జోసెఫిన్ ఆ పాదాలవైపే చూస్తూ ఉండిపోయింది. "మా ఆయనకీ ఆఖర్లో ఇలాగే..." అని ఆగింది.

"మీ ఆయనది తాగుడమ్మా. దానికీ దీనికీ సంబంధం లేదు," అన్నాడు ఉమామహేశ్వరం.

"మరేనండి. ఆయనది తాగుడే." ఆవిడ గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. "కాళ్ళకేం తెలుస్తుందిలెండి, తాగినోళ్ళో తాగనోళ్ళో."

ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. తన గుమ్మం ఎక్కేదాకా వెనక్కి చూడలేదు. గట్టిగా మాట్లాడే మనిషి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతే ఇల్లు ఇంకా పెద్దదైనట్టు, ఖాళీ అయినట్టు ఉంటుంది.

ముసురు పట్టింది. గోదారికి ఎర్రనీరు వచ్చే రోజులు. గాలికి ఏటి వాసన, మట్టి వాసన ఇంట్లోకి కొడుతున్నాయి.

దుర్గాప్రసాద్ లేచాడు.

"బావగారూ, ఒక్క మాటడుగుతాను. కోప్పడకుండా చెప్పండి."

"అడుగు."

"దురద పెరిగితే బయటికొస్తోందన్నారు. తగ్గితే లోపలికి పోయిందంటున్నారు. ఆయాసం తగ్గితే మందు పట్టిందన్నారు. పెరిగిన రోజున, మందు పట్టేముందు ఓసారి రెచ్చిపోద్దన్నారు. కాళ్ళుబ్బితే దిగుతోందన్నారు. బానే ఉంది. మరి ఏం జరిగితే మీ మందు తప్పిందని ఒప్పుకుంటారో ఆ గుర్తొక్కటి చెప్పెయ్యండి. అది కనబడేదాకా నోరెత్తితే చెప్పుచ్చుకు కొట్టండి."

ఉమామహేశ్వరం తను తెచ్చిన మందుల పెట్టె మూత తీసి, సీసాలవైపు చూసి, మళ్ళీ వేశాడు.

"అది చూసేవాడికి తెలుస్తుంది."

"చూసేవోళ్ళంటే మీరేగా?"

"ప్రసాదూ, ఇది శాస్త్రం. మేత బస్తాల లెక్క కాదు."

"బస్తా తడిసిందో లేదో చెప్పడానికైనా ఓ గుర్తుందండి. శాస్త్రానికి లేదా?"

"నాన్నా," అంది దివ్య.

"నువ్వుండమ్మా. దండం పెట్టి అడుగుతున్నాను, తిట్టట్లేదు. ఏ దారిన పోయినా ఊరికే చేరతామనే మనిషిని నమ్మి బండెక్కమంటే ఎలాగెక్కేది?"

"ఆసుపత్రికే తీసుకెళ్తావా? తీసుకెళ్ళు." ఉమామహేశ్వరం గొంతు వణికింది. కోపం అనుకున్నాడు దుర్గాప్రసాద్. కాదు. "మా అమ్మనీ తీసుకెళ్ళేం. మంచం దిగి తనంతట తను నడిచి వెళ్ళింది. ఇంజెక్షన్ చేసేరు. తిరిగి వచ్చినప్పుడు నడవలేదు. అప్పుడు వరాలుకి జడేసుకోడం రాదు. నేనేసేను. పెళ్ళయ్యేదాకా నేనేసేను. దాని ఒంట్లో ఏ నరం ఎటెళ్తుందో నీకంటే నాకు బాగా తెలుసు."

దుర్గాప్రసాద్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆ గదిలో వరలక్ష్మిని ప్రేమించేవాడు తనొక్కడే కాదు. అది తెలిసిన సంగతే. తెలిసిన సంగతి ఎదురుగా నిలబడితే మాత్రం కష్టం.

మెల్లిగా అన్నాడు. "జబ్బు వచ్చిన దారినే వెనక్కి నడుస్తుందంటారు. నడవనివ్వండి. పోటొస్తే గోదారీ వెనక్కి నడుస్తుంది, రోజూ చూస్తున్నాం. అంతమాత్రాన పాపికొండలెక్కుద్దా?"

"ఎగతాళి చెయ్యకు."

"ఎగతాళి కాదండి. ఎక్కడిదాకా వెనక్కి పోయి ఆగుతుందో చెప్పమంటున్నాను. పిల్ల పుట్టిన ఏడాది అయిపోయింది. పెళ్ళి ఏడాది అయిపోయింది. దానికి ముందేముంది? దీనికి మొట్టమొదట వచ్చిన జబ్బేంటి?"

ఉమామహేశ్వరం మొహంలో రంగు మారింది. ఈ ప్రశ్న ఆయనని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తనని తను అడుక్కున్నట్టు కూడా లేదు.

"మావయ్యా, చెప్పు," అంది దివ్య.

"చిన్నప్పుడు జ్వరం వచ్చింది."

"ఏం జ్వరం?"

"ఏదో జ్వరం. కనకాలపేటలో ఉండేవాళ్ళం అప్పుడు. ఒళ్ళు పెనంలా కాలిపోయేది. మాటా పలుకూ పోయింది. ఎవర్నీ గుర్తుపట్టేది కాదు. పెద్దాళ్ళు చూసి, ఇంక లాభం లేదని మంచం మీంచి కింద దించేసేరు."

వాన చూరు మీంచి కారుతున్న చప్పుడు ఒక్కటే ఉంది ఆ ఇంట్లో.

"తులసినీళ్ళు పోసేరు. నాన్న వెదుర్లకి మనిషిని పంపేడు. నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను. అప్పుడు ఎదురింటి ముసలావిడ చేటలో తవుడు పట్టుకొచ్చింది. పిల్లని నాకమ్మెయ్యండి అని, అమ్మ ఒళ్ళో తవుడు పోసి, దాన్నెత్తుకుని వాళ్ళింటికి పట్టుకుపోయింది. ఈ ఇంటి పిల్ల కాదనుకుని చావు తిరిగి పోద్దని వాళ్ళ నమ్మకం. ఆవిడ గుమ్మం దాటేసరికి కళ్ళు తెరిచింది. చాన్నాళ్ళు దాన్ని తవిటమ్మా అనే పిలిచేవాళ్ళు."

"ఏం మందిచ్చేరు?" అనడిగాడు దుర్గాప్రసాద్.

"ఏ మందూ లేదు."

"మరి తగ్గింది గదండి."

"తగ్గలేదు. అణిగింది. అణిగినదే తర్వాత తలనొప్పయింది, దద్దుర్లయింది, ఆయాసమయింది. అన్నిటికీ మూలం అదే." పాఠం చెప్పినట్టు అంటున్నవాడల్లా చివరి మాట దగ్గర తడబడ్డాడు.

"అయితే అదీ తిరిగొస్తుందా?"

"శాస్త్రం నిజమైతే రావాలి."

"వచ్చి?"

"వచ్చి పోవాలి."

"అది పోతుందో, ఇది పోతుందో."

ఉమామహేశ్వరం గోడకున్న చెల్లెలి నీడవైపు చూస్తున్నాడు. గోడ మీద నీడ సన్నగా వణుకుతోంది. దీపం లేదు, పగటి వెలుతురే. నీడ వణకడానికి కారణం ఒక్కటే ఉంది.

దివ్య ఒక్క అంగలో మంచం దగ్గరికి వెళ్ళి తల్లి నుదురు ముట్టుకుంది. చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"నాన్నా, ఒళ్ళు కాలిపోతోంది."

పొద్దున్న లేదు. ఇందాక జోసెఫిన్ వచ్చినప్పుడూ లేదు. పేరు ఎత్తేదాకా గుమ్మం బయట నిలబడి ఉన్నట్టు వచ్చింది జ్వరం.

దుర్గాప్రసాద్ బావమరిదివైపు చూశాడు. ఇప్పుడు ఈయన మొహం వెలగాలి. వరస తప్పట్లేదు, శభాష్ అనాలి. అన్నాడా, ఈ గుమ్మంలోనే మెడ పట్టుకుంటాను అనుకున్నాడు.

ఉమామహేశ్వరం మందుల పెట్టె ముట్టుకోలేదు. చెల్లెలి నాడీ చూడబోయి, చెయ్యి మధ్యలో ఆపేశాడు.

"బండి తియ్యి ప్రసాదూ."

"ఎక్కడికండి?"

"కాకినాడ."

దివ్య గబగబా తల్లి పైట సర్దింది.

"నీ మాట విని కాదు," అన్నాడాయన, ఎవరి మొహమూ చూడకుండా. "నా మాట మీదే నాకు భయమేస్తోంది. ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు. తర్వాతది కింద దించడమే."

ఎన్నాళ్ళుగానో దుర్గాప్రసాద్ కావాలనుకున్న మాట అది. చేతికొచ్చింది. ఈ శాస్త్రం వట్టిదని ఇంతసేపూ గొంతు చించుకున్నాడు. వట్టిదే అయితే ఈ జ్వరం మామూలు జ్వరం, డాక్టర్లు చూసుకుంటారు. ఆ నమ్మని మనిషి గుండెలోనే ఇప్పుడు ఒక ముసలావిడ చేట పట్టుకుని నిలబడి ఉంది. నమ్మినవాడేమో ఆసుపత్రికి పదమంటున్నాడు. లోకం తిరగేసి పెట్టినట్టుంది.

తువ్వాలు నడుముకి బిగించి మంచం మీదికి వంగాడు. ఒక చెయ్యి భుజాల కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద పెట్టాడు.

వరలక్ష్మి కళ్ళు తెరిచింది.

చూసింది. ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత పైట భుజాల మీదుగా గట్టిగా లాక్కుని, జరిగి జరిగి గోడకి అంటుకుపోయింది.

"అన్నయ్యా," అంది. గొంతు ఆమెది కాదు. సన్నగా, పచ్చిగా ఉంది. "ఎవరన్నయ్యా ఈయన? లోపలిదాకా వచ్చేసేడు."

దుర్గాప్రసాద్ చేతులు ఖాళీగా గాలిలోనే ఉండిపోయాయి.

"మీ ఆయనేనమ్మా," అన్నాడు ఉమామహేశ్వరం.

"ఛీ. అదేం మాటన్నయ్యా. నాన్న వింటే ఊరుకుంటాడా?"

"అమ్మా, నేనమ్మా, దివ్యని..."

వరలక్ష్మి ఆ పిల్లవైపు మర్యాదగా చూసింది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళని చూసినట్టు. "కూర్చోండి. అమ్మ వచ్చేస్తుంది," అంది.

దివ్య పెదవి కొరుక్కుంది. ఏడవలేదు. తండ్రి చెవిలో, "ఎత్తేద్దాం నాన్నా. ఏవనుకున్నా సరే," అంది.

ఎత్తబోయాడు. చెయ్యి తగిలీ తగలకముందే ఆమె గింజుకుంది. ఊపిరి అందలేదు. తడి బస్తా ఈడ్చినట్టు గుండెల్లోంచి ఒక చప్పుడు. పెదవులు నేరేడు రంగుకి తిరిగాయి. "వద్దు, వద్దు, వదిలెయ్, ఊపిరాగిపోద్ది," అని ఉమామహేశ్వరం అడ్డం పడ్డాడు.

దుర్గాప్రసాద్ వెనక్కి నడిచాడు. గుమ్మం అవతల, వీధరుగు మీదికి వెళ్ళి నిలబడ్డాడు. పరాయి మగవాడు నిలబడవలసిన చోటు అదే. వాన జల్లు వీపు మీద పడుతోంది. పెళ్ళిచూపులకి వెళ్ళిన రోజున కనకాలపేటలో ఆ ఇంటి ముందు కూడా ఇలాగే, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక నిలబడ్డాడు. అప్పుడు వెనక నుంచి మేనమామ తోశాడు. ఇప్పుడు తోసేవాళ్ళు లేరు.

గొంతు సవరించుకున్నాడు.

"ఏవండీ," అన్నాడు పెళ్ళాంతో.

ఆమె తల తిప్పింది.

"నేను బండి తోలేవోణ్ణండి. భయపడకండి. మీ అన్నయ్య గారికి ఒంట్లో బాలేదండి. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తోడు ఎవరూ లేరంటన్నారు. మీరొస్తారేమోనని..."

ఉమామహేశ్వరం అతనివైపు చూశాడు. ఆసుపత్రి మెట్టు తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి ఆయన. రోగిష్టి పేరు ఒక్కనాడూ మొయ్యని మనిషి. నెమ్మదిగా మంచం చివర కూర్చుని, చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"అవునమ్మా," అన్నాడు. "నాకే."

"నీకేంటన్నయ్యా?"

"ఆయాసంగా ఉంది."

"చెప్పవేం మరి?" వరలక్ష్మి అరచెయ్యి తీసుకెళ్ళి ఆయన గుండెల మీద ఆనించింది. జ్వరంతో మండుతున్న చెయ్యి అది. "ఎంత వేగంగా కొట్టుకుంటోందో. పద, నేనొస్తాను. అమ్మకి చెప్పకు, కంగారు పడుద్ది."

ఉబ్బిన పాదాలు కింద పెట్టి, అన్నని తను పట్టుకున్నాననుకుంటూ, అన్న పట్టుకుంటే నడిచింది. బండి దాకా నడిచింది. పక్కనుంచి దుర్గాప్రసాద్ రెండు చేతులూ చాచి, తగలకుండా, పడితే పట్టుకునేంత దూరంలో నడిచాడు.

ముందు సీట్లో ఇద్దరికే చోటు. ముగ్గురు ఇరుక్కున్నారు. ఆమె పరాయివాడి పక్కన కూర్చోదు గనక మధ్యలో ఉమామహేశ్వరం కూర్చున్నాడు. వెనక ట్రాలీలో ఖాళీ బస్తాల మధ్య దివ్య పరదా కప్పుకుని కూర్చుంది.

జోసెఫిన్ కిటికీలోంచి చూస్తోంది. చెయ్యి ఊపలేదు.

యానాం బోర్డరు దగ్గర బ్రాందీ షాపుల ముందు జనం వానలోనే నిలబడి ఉన్నారు. వాళ్ళకి ఈ బండి అడ్డం. ఒకడు తిట్టాడు. అవి దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులు, చెరువుల్లో తిరగలేక ఆగిపోయిన, నీటికి గాలి కొట్టే చక్రాలు. కరెంటు లేదు. నీళ్ళ మీద వాన పడుతుంటే లోకమంతా ఉడుకుతున్నట్టుంది.

తాళ్ళరేవు దగ్గర ఆమె మాట్లాడింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో మాట.

"ఏవండీ. కొంచెం... తొందరగా తోలండి. మా అన్నయ్యకి... బాలేదు."

"తోలుతున్నానండి."

"మీది యానామేనాండి?"

"ఆయ్."

వైపరు అద్దం మీద కీచుమంటూ తిరుగుతోంది. ఉమామహేశ్వరం ఒక చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతున్నాడు. ప్రార్థనో, ఏదైనా మందు పేరో.

"మీకు పెళ్ళయ్యిందాండి?"

దుర్గాప్రసాద్ గేరు మార్చాడు. బండి మూలిగింది. అయ్యిందంటే ఎవరితో అని అడుగుతుంది. కాలేదంటే తమ సంసారమే లేకుండా పోతుంది. తన నోటితో తనే దాన్ని తుడిచేసినట్టవుతుంది.

"ఇంకా లేదండి," అన్నాడు. "కుదిరింది."

"ఏ ఊరమ్మాయి?"

"కనకాలపేటండి."

అటునుంచి మాట లేదు. ముందుకి వంగి చూద్దామంటే రోడ్డు గుంతలమయం, మధ్యలో బావమరిది. వాన చప్పుడులో ఆమె ఊపిరి వినబడుతోందో, అది బండి ఇంజన్ చప్పుడో విడదీయలేకపోయాడు.

"బావగారూ?"

ఉమామహేశ్వరం కళ్ళు తెరిచాడు. చెల్లెలి తల ఆయన భుజం మీదికి వాలి ఉంది. ఆమె మణికట్టు మీద ఉన్న వేళ్ళని ఆయన కొంచెం పైకి జరిపాడు. మళ్ళీ కొంచెం కిందికి జరిపాడు.

"బావగారూ, ఏంటండి?"

"ఆపకు," అన్నాడాయన. "ఏం జరిగినా ఇక్కడ దాన్ని కిందికి దించనివ్వకు. తోలు."